మచ్చనాలుక సారు

మొన్న అద్దంకి బస్టాండులో మా ఊరి బస్సు కోసం కూర్చుని ఉంటే, పక్కనున్న పెద్దమనిషి నా సంచి మీద కొట్టు పేరు చదివి పలకరించాడు. వాగవతల ఊరాయన. మిరపనారు ఎట్టా ఉంది, పత్తిలో ఏ రకం గింజలు మేలు అని నాలుగు మాటలయ్యాక, తల కాస్త దగ్గరికి వంచి గొంతు తగ్గించాడు.

"మీ ఊళ్లో మచ్చనాలుక సైంటిస్టని ఒకాయన ఉండేవాడు గదండీ. ఉన్నాడా?"

"పోయాడండి. పోయిన నెల, గుంటూర్లో."

"అయ్యో పాపం," అన్నాడు. అంతలోనే, "తన చావు సంగతి కూడా ముందే చెప్పాడా ఏంది?" అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. వయసులో పెద్దాయన, పైగా రేపో మాపో నా కొట్టుకు రావాల్సిన మనిషి. కోపం మింగేసి మామూలుగానే చెప్పా.

"లేదండీ. చివర్లో అసలేమీ చెప్పలేదు."

"మంచి పని చేశాడు," అన్నాడాయన, నిజంగానే తెరిపిన పడ్డట్టు.

ఆ పోయినాయన పేరు నేనిక్కడ రాయను. పొద్దున్నే ఆ పేరు తలవటానికి ఇష్టపడని ఇళ్లు మా చుట్టుపక్కల ఇంకా ఉన్నాయి. నాకు మాత్రం ఆయన సారు. వరసకి మామయ్య కావాలి, ఆయన భార్య మా ఊరి ఆడపడుచు, నేను అత్తయ్య అనే పిలుస్తాను. కానీ మామయ్యా అని ఎవరి నోటా రాలేదు. ఎక్కడో సముద్రం ఒడ్డున, రేవుల్లో ఒండ్రు ఎట్టా పేరుకుంటుందో లెక్కలు కట్టే పనిలో ఉండి రిటైరయి, అత్తయ్య పుట్టిన ఊరని ఇక్కడికొచ్చి ఇల్లు వేసుకున్నాడు. అంతకు మించి ఆయన ఉద్యోగం సంగతి నాకు తెలీదు, ఆయనా చెప్పలేదు.

నాది ఎరువులూ పురుగుమందుల కొట్టు. బీయస్సీలో ఫిజిక్సు తప్పి, మళ్లీ రాయకుండా మా నాన్న గల్లాపెట్టె దగ్గర కూర్చున్నవాణ్ణి. ఆ మాట మొదటిరోజే నోరు జారి చెప్పా. ఆయన మొహం వెలిగింది.

"తప్పినవాడివా? మంచిదయ్యా. పాసైనవాళ్లతో మాట్లాడటం కష్టం, అన్నీ తెలుసనుకుంటారు," అన్నాడు.

ఆ రోజు నుంచి మధ్యాహ్నం ఎండ వాలగానే వచ్చేవాడు. కుర్చీ వేస్తే కూర్చునేవాడు కాదు, యూరియా బస్తా మీదే ఆయన స్థానం. నోట్లో ఎప్పుడూ వక్కపొడి. చొక్కా జేబులో ఖాళీ బామ్ డబ్బీలు, వాటిలో మట్టి. మా చేలో మన్ను ఒకదాంట్లో, చెరువు పూడిక ఒకదాంట్లో, వాగు ఇసుక ఒకదాంట్లో. ఆయనదంటూ ఒక గాజు గ్లాసు నా కొట్లో వేరే ఉండేది. టీ హోటలు వాడు పొరపాటున దాన్ని పట్టుకుపోతే ఆ రోజంతా అలిగి కూర్చునేవాడు, అంత చదువుకున్న మనిషి.

గ్లాసులో నీళ్లు పోసి, చిటికెడు మన్ను వేసి, పెన్సిలుతో తిప్పి, కళ్లకెదురుగా పెట్టుకుని చూసేవాడు. ఇసుకయితే అలా వేయగానే ఇలా దిగేది. నల్లరేగడి దిగేది కాదు. ఆయన ఇంటికెళ్లి కాఫీ తాగి వచ్చినా నీళ్లు అట్టాగే ఉండేవి.

"చూశావా మొండితనం," అనేవాడు ముచ్చటగా. "బరువు కిందికి లాగుతోంది, నీళ్లు దిగనివ్వటం లేదు. రేణువు ఎంత చిన్నదయితే బరువు మాట అంత చెల్లదు."

ఒకసారి కొట్టుకొచ్చిన ఒక రైతు వెళ్లిపోయాక, పాపం తండ్రి పోయి చాలా దిగులు పడ్డాడు సార్, ఇప్పుడిప్పుడే తేరుకుంటున్నాడు అన్నాను. సారు గ్లాసు నా మొహం ముందుకు తెచ్చాడు.

"తేరుకోవటమంటే ఏమిటి? మట్టి ఎక్కడికన్నా పోయిందా? అడుగున కూర్చుంది. గ్లాసు కదలకుండా చూసుకుంటున్నాడు, అంతే."

మాట్లాడేటప్పుడు మధ్యలో ఆగి ఎదుటివాణ్ణి అడిగే మాట ఒకటుండేది. "ఎలా చెప్పగలరు?" అని. ఈ ఏడు మిరపకి తామరపురుగు తగ్గిద్దండీ అని ఎవరన్నా అంటే, ఎలా చెప్పగలరు? మా తాత కాలం నుంచీ ఈ చెరువు ఎండలేదండీ అంటే, సరే, రేపు ఎండదని ఎలా చెప్పగలరు? కోపంగా కాదు, నిజంగా తెలుసుకోవాలన్నట్టు అడిగేవాడు. మావాళ్లకి అది వెటకారంలా వినపడేది. ఒకాయనకి చిర్రెత్తి, "అయితే రేపు పొద్దున సూరీడు రాడా సార్?" అన్నాడు. సారు గడ్డం గోక్కుని ఆలోచించి, "రావచ్చు," అన్నాడు. కొట్టంతా గొల్లుమంది. అప్పటినుంచి చాలాకాలం ఆయన పేరు రావచ్చు సారు. పేరు పెట్టారని తెలిసి ఆయనా నవ్వాడు. అవి మంచి రోజులు.

లావుపాటి ఇంగ్లీషు పుస్తకాలు పెన్సిలు గీతలు గీస్తూ చదివేవాడు. ఏం పుస్తకాలండీ అంటే, మనకి తెలుసు అనుకున్నది ఎలా తెలుసు అని అడిగే తత్వశాస్త్రం అన్నాడు. తత్వం అన్న ఒక్క మాటే పట్టుకుని మా భజన సమాజం వాళ్లు శనివారం రమ్మని పిలిచారు. వెళ్లాడు కూడా. పెద్దాయన ఒకరు ఈ జన్మలో పుణ్యం వచ్చే జన్మకి అక్కరకొచ్చిద్ది అనగానే, సారు వినయంగా చెయ్యెత్తాడు. ఎలా చెప్పగలరు అని. తర్వాత పిలవలేదు.

ఆయనకి కావలసింది ఒకటే, కాదనే మనిషి. అది మా ఊళ్లో దొరకదు. పెద్దవాళ్లు ఏం చెప్పినా "అట్టాగేనండి" అని తలూపి, బయటికెళ్లి మన పని మనం చేసుకోవటం మా పద్ధతి. చదువుకున్నాయన మొహం మీద కాదంటే మర్యాద కాదు. ఆ మర్యాద చూసి ఆయనకి విసుగు పుట్టేది. "అట్టాగేనండి కాదయ్యా, ఎక్కడ తప్పుందో చెప్పు. నా మాట తప్పని చూపించినవాళ్లకి పెసరట్టు ఇప్పిస్తాను," అని కొట్లో పందెం పెట్టాడు. ఎవరూ ముందుకు రాలేదు, సువార్తమ్మ తప్ప.

సువార్తమ్మ కూలీల ముఠాకి పెద్ద. పత్తితీతలకీ మిరపకోతలకీ ఆడవాళ్లని పోగుచేసి ఆటోలో వాగవతల చేలకి తీసుకుపోయేది. నోరు పెద్దది, మనసు అంతకంటే పెద్దది. ఒకరోజు వాగుకి కొత్తనీళ్లు వచ్చాయి. చప్టా కింద మడుగు కాఫీ రంగుకి తిరిగింది. చప్టా అంటే వాగుకి అడ్డంగా వేసిన సిమెంటు బాట, వాగు పారితే నీళ్లు దాని మీదుగా పోతాయి, తగ్గితే బళ్లు పోతాయి. ఈ నీళ్లు వారం దాకా తేటపడవు అన్నాడు సారు.

"రేపటికే తేటపడతాయి, చూడండి," అంది సువార్తమ్మ, కొట్టు ముందు ఆటో దిగుతూ.

"ఎలా చెప్పగలవమ్మా?"

"ఎట్టా చెప్పేదేంది సార్, నోరుంది గదా అని అన్నా. మీరూ అంతేగా."

మర్నాటికి నీళ్లు తేటపడ్డాయి. ఎందుకో సారుకీ తెలీదు, సువార్తమ్మకీ తెలీదు. ఓడిపోయినవాడికి అంత సంతోషం నేనెక్కడా చూళ్లేదు. హోటల్లో పెసరట్టు కట్టించుకుని, పంచె పైకి ఎగ్గట్టి, చర్చి వెనక పేటకి తనే నడిచి వెళ్లి ఆమె గుమ్మంలో ఇచ్చొచ్చాడు. చూసినవాళ్లు బుగ్గలు నొక్కుకున్నారు. సువార్తమ్మ మాత్రం, అల్లప్పచ్చడి కాస్త ఎక్కువ వేయించాల్సింది సార్ అందట. ఆ ముక్క ఆయన వారం రోజులు చెప్పుకుని నవ్వాడు.

ఇక చెడ్డ రోజుల సంగతి. వాగు ఎగువన చెక్‌డ్యాం కట్టి, రిబ్బను కత్తిరించి, అందరికీ కొబ్బరిబోండాలు పంచారు. బోండం చేత్తో పట్టుకునే సారు అన్నాడు, పైన చేలన్నీ దున్నేసి ఉన్నాయి, గట్లు లేవు, ఇది తొందరగా పూడిపోతుంది అని. నవ్వుతున్నవాళ్లు నవ్వాపారు. రెండు వానాకాలాలు తిరిగేసరికి డ్యాం నిండా ఒండ్రు, గొర్రెలు నడిచి దాటుతున్నాయి. తర్వాత వాగులో ఇసుక ట్రాక్టర్లు మొదలయ్యాయి. ఒడ్డున బోరు ఉన్న ఒక రైతుకి, ఇసుక పోతే నీళ్లు కిందికి దిగుతాయి, నీ బోరు గాలి కొడుతుంది చూసుకో అన్నాడు. కొట్టింది. ఆ తర్వాత వాగు మలుపులో మిరపచేను ఉన్న కుటుంబం. ఒడ్డు కోసుకుపోతోంది, రాళ్లన్నా వేయించండి అని వాళ్లింటికి పోయి మరీ చెప్పాడు. అట్టాగేనండి అన్నారు. ఆ వానలకి కాపు మీదున్న చేను సగం వాగులోకి జారింది.

ఆ ఇంటి ముసలామె సారు గేటు ముందు నిలబడి మట్టి తీసి పోసింది. "నీ నోట పురుగులు పడ, నువ్వు అనబట్టేరా నా చేను పోయింది," అని ఏడ్చింది. సారు లోపల్నుంచి వచ్చి, చేతులు కట్టుకుని, ఆమె అలిసిపోయేదాకా విన్నాడు.

అక్కడ పుట్టింది ఆ మాట. సారుకి నాలుక మీద మచ్చ ఉంది, అన్నది జరిగితీరుద్ది అని. మావాళ్లని అనుకుని ఏం లాభం, మేమంతా ఆ తానులో గుడ్డలమే. బయల్దేరేటప్పుడు ఎక్కడికి అని ఎవరన్నా అడిగితే, వాళ్లు అడగబట్టే పని చెడిందంటాం. చెడ్డమాట అనకూడదని జబ్బు పేరు కూడా సరిగ్గా పలకం. ఇట్టాంటి చోట వాగు గురించి ఉన్నదున్నట్టు చెప్పే మనిషికి ఇంకేం పేరొస్తుంది?

సారుకి ఈ సంగతి నేనే చెప్పాను. బాధపడతాడనుకుంటే, ఉత్సాహంగా లేచి నిలబడ్డాడు.

"చూడాల్సిందేగా మరి. నాకే తెలీదు, ఉందేమో. ఇట్రా, లైటెయ్యి."

గల్లాపెట్టె పక్కన నాలుక బయటపెట్టి నిలబడ్డాడు. నేను ఫోన్ లైటు వేసి వంగి చూస్తున్నా. వక్కపొడి మరక తప్ప ఏమీ లేదు. ఆ సమయానికే పురుగుమందు కోసం ఒక కుర్రరైతు లోపలికొచ్చాడు. సారు నాలుక చూశాడు, నల్లటి మరక చూశాడు, నా చేతిలో లైటు చూశాడు. మందు తీసుకోకుండానే వెళ్లిపోయాడు. సాయంత్రానికల్లా ఊరంతా తెలిసిపోయింది, సారు నాలుక మీద అణా అంత మచ్చ ఉంది, కొట్టాయన లైటేసి చూశాడు అని. నేను కనపడ్డవాడికల్లా అది వక్కపొడి రా నాయనా అని చెప్పా. నువ్వెందుకు చెప్తావులే, మీ మామయ్య కదా అన్నారు. మామయ్య అన్న వరస అప్పుడు గుర్తొచ్చింది మావాళ్లకి.

సారు మాత్రం ఓడిపోవటానికి ఇంకో దారి వెతికాడు. మంచిమాటలు కూడా అందాం, అవి జరక్కపోతే ఈ మచ్చ సిద్ధాంతం పోయినట్టేగా అన్నాడు. పనిగట్టుకుని నలుగురు రైతుల్ని పిలిచి, ఈ ఏడు మీ మిరప బ్రహ్మాండంగా కాస్తుంది, ధర కూడా వస్తుంది అన్నాడు. వాళ్లు దణ్ణాలు పెట్టి వెళ్లారు. ఆ ఏడు నల్ల తామరపురుగు పూతంతా ఊడ్చిపెట్టింది. మిగిలిన కాయకి గుంటూరు యార్డులో ధర లేదు.

సారు కొట్టుకొచ్చి, "ఇప్పుడేమంటారు మనవాళ్లు?" అన్నాడు.

"ఆ నాలుక చెడ్డకే పనిచేస్తుందంటన్నారు సార్."

బస్తా మీద కూలబడి కళ్లనీళ్లొచ్చేదాకా నవ్వాడు. "ఏం జరిగినా సరిపోతుందయ్యా వీళ్ల సిద్ధాంతం. దాన్ని పట్టుకుని విరుద్దామంటే ఎక్కడా అంచు దొరకదు. ఇంక నావల్ల కాదు," అన్నాడు. నవ్వు ఆగాక మనిషి ఒక్కసారిగా ముసలివాడయినట్టు కనపడ్డాడు నాకు.

ఆయనకంటే ఎక్కువ నలిగింది అత్తయ్య. పుట్టిన ఊళ్లో పేరంటాలకి పిలుపు ఆగింది. ఒక సీమంతానికి పిలవకపోయినా వెళ్తే, పిల్ల భయపడుతోంది వదినా, ఏమనుకోవద్దు అని వాకిట్లోనే తాంబూలం చేతిలో పెట్టి పంపారు. ఇంటికొచ్చి, ఆ తాంబూలం సారు ముందు పెట్టి, ఆయన చెయ్యి తీసి తన తల మీద పెట్టుకుంది.

"వాగు గురించీ చేల గురించీ ఇంకొక్క మాట అననని నా మీద ఒట్టెయ్యండి. మీ మాటలు మీ గ్లాసులోనే ఉంచుకోండి."

ఒట్టేశాడు. నాకు ఆశ్చర్యమేసింది, ఒట్లు నమ్ముతారా సార్ మీరు అన్నా. "నేను నమ్మనయ్యా. ఆవిడ నమ్ముతుంది. నేను ఒట్టు తప్పితే తను చచ్చిపోతానని రోజూ భయపడుతూ కూర్చుంటుంది. ఆ భయం నిజమైనదేగా," అన్నాడు.

అప్పటినుంచి కొట్టుకొచ్చినా మాటల్లేవు. వస్తాడు, గ్లాసు తీస్తాడు, చూస్తాడు, పోతాడు. కానీ సాయంత్రాలు చప్టా దగ్గర నిలబడుతున్నాడని తెలిసింది. చేతికర్రతో చప్టా దిగువన నీళ్లలో పొడిచి లోతు చూస్తున్నాడట. జనం పక్కనుంచి పోతూ, ఏమన్నా అంటాడేమోనని తొందరగా నడిచేవాళ్లు.

ఒకరోజు కొట్టుకి వస్తూ వస్తూ ఒక పళ్లెం, ఒక రాతి పలక తెచ్చాడు. జేబులో డబ్బీలు కాదు, ఈసారి సంచినిండా వాగు ఇసుక. పళ్లెంలో ఇసుక పరిచి, దాని మీద పలక అడ్డంగా పెట్టాడు. చెంబుతో ఒక పక్కనుంచి నీళ్లు పోశాడు. నీళ్లు పలక మీదుగా దూకి అవతల పడుతున్నాయి. పడినచోట గుంట పడుతోంది. ఆ గుంటలోకి పలక కింద ఇసుక కొంచెం కొంచెంగా జారుతోంది. పైన పలక కదల్లేదు, ఏమీ తెలీలేదు. ఇంకో చెంబు పోశాడు. పలక ఒక్కసారి ఒరిగి పడింది. ఇంత జరుగుతున్నా నోరు విప్పలేదు. నా వంక చూశాడు.

ఆటో కోసం వచ్చి నిలబడ్డ సువార్తమ్మ ఇదంతా చూసింది.

"మన చప్టాయేనా సార్?"

సారు తలూపలేదు, అడ్డంగానూ ఊపలేదు.

"నోరు తెరిచి అనండి సార్. మేం వాక్యం నమ్మినోళ్లం, మీ మచ్చలూ పుట్రలూ మాకు లేవు. మీరనండి, నేను కాదంటా. పెసరట్టు పందెం."

సారు పెదవులు కదిలాయి. మళ్లీ బిగించుకున్నాడు. పలక తడి తుడిచి, సంచిలో పెట్టుకుని వెళ్లిపోయాడు.

"నీకర్థమైందిగా, ఆ దారిన పోమాక," అన్నా నేను.

"ఇంకో దారేది బాబూ? మెయిన్ రోడ్డు చుట్టుతిరిగి పోతే ఆటోవాడు ఎక్కించుకోడు, పోకపోతే కూడు లేదు," అంది మామూలుగా.

నేను ఊరుకోలేదు. ఊరి పెద్దల్ని పట్టుకుని, చప్టా కింద ఇసుక పోతోంది, ట్రాక్టర్లు ఆపించండి, కనీసం గుంటలో రాళ్లన్నా పోయించండి అని చెప్పాను. వాళ్లు నన్ను ఒకటే అడిగారు.

"సారు అన్నాడా?"

"అనలేదు."

"అయితే ఫర్లేదులే."

నిజంగా అదే మాట.

పత్తితీతల రోజుల్లో తుఫాను వాన పట్టింది. వాగు చప్టా మీదుగా పారింది. జనం బుద్ధిగా ఇంట్లోనే ఉన్నారు. వాన వెలిసింది, నీళ్లు తగ్గాయి, చప్టా కడిగినట్టు తెల్లగా బయటపడింది. ఎండ కూడా వచ్చింది. తడిసిన పత్తి పాడైపోతుందని చేలవాళ్లు కబురు పెట్టారు. సువార్తమ్మ ఆటో చప్టా మధ్యకి పోయేసరికి సిమెంటు పలక ఒరిగి, ఆటో దిగువ గుంటలో పడింది. మిగతావాళ్లని పైకి లాగగలిగారు. సువార్తమ్మనీ, ఆమె పక్కన కూర్చున్న ఇంకొకామెనీ లాగలేకపోయారు.

సమాధుల తోటలో పాస్టరుగారు ప్రార్థన చేస్తుంటే సారు చివర్న నిలబడ్డాడు. అంతకుముందు ఆయన్ని చూసి తప్పుకున్నవాళ్లు ఒక్కొక్కరే దగ్గరికొచ్చారు. చేతులు పట్టుకున్నారు. ఓదార్చారు ఆయన్ని.

"మీరేం అనలేదుగా సార్, మాకు తెలుసు. ఇది మీవల్ల కాదు. ఆయుష్షు తీరింది, అంతే."

ఎన్నాళ్లకో ఊరు ఆయన్ని అక్కున చేర్చుకుంది. సారు అందరి మొహాలూ ఒకటొకటే చూశాడు. తిరిగొచ్చేటప్పుడు దారిలో నాతో అన్నాడు.

"పరీక్ష అయిపోయిందయ్యా. నేను అనలేదు. అయినా జరిగింది. నా నాలుకలో ఏమీ లేదని తేలిపోయింది. ఇంతకంటే మంచి రుజువు ఎవరికీ దొరకదు."

నేను ఏడ్చాను. ఆయన ఏడవలేదు. ఇంటి గేటు తీస్తూ, "ఆ పెసరట్టు ఆవిడకే రావాలని ఉండేది నాకు," అని లోపలికెళ్లాడు.

తర్వాత గుంటూరు వెళ్లిపోయారు. మిరపయార్డు పని మీద వెళ్లినప్పుడు ఒకసారి వాళ్ల అపార్టుమెంటుకి పోయాను. పుస్తకాలు కట్టలు విప్పకుండా గోడవారన ఉన్నాయి. సారు బాల్కనీలో కూర్చుని ఉన్నాడు, పక్కన గ్లాసులో నీళ్లు. తాగటానికి పెట్టుకున్నవి. జేబులో డబ్బీల్లేవు.

"కొత్త చప్టా వేశారా?" అన్నాడు.

"వేశారు సార్."

"ఎక్కడ?"

"అక్కడే."

"ట్రాక్టర్లు?"

"తిరుగుతానే ఉన్నాయి."

సారు నోరు తెరిచాడు. తర్వాత మూసుకున్నాడు. గుమ్మంలో నిలబడ్డ అత్తయ్య గబగబా వచ్చి ఆయన చెయ్యి పట్టుకుంది. ఒట్టేయించుకున్న చెయ్యే.

"అనండి. ఆ ఒట్టు నేను తీసి గట్టున పెట్టానని చెప్పాగా. ఎన్నిసార్లు చెప్పాలి? అబ్బాయి వచ్చాడు, చెప్పండి అతనికి," అంది. సువార్తమ్మ పోయినప్పటినుంచి ఆవిడ రోజూ ఇట్టాగే బతిమాలుతోందని అప్పుడు తెలిసింది నాకు.

సారు ఆవిడ చేతిని నెమ్మదిగా నిమిరాడు.

"అంటే జరుగుతుంది. అనకపోయినా జరుగుతుంది. మధ్యలో నా మాట ఎందుకు చెప్పు?"

అన్నిటికీ ఎలా చెప్పగలరు అని అడిగిన మనిషి, రేపు సూర్యుడు వస్తాడా అంటే రావచ్చు అన్న మనిషి, జరుగుతుంది అన్నాడు. ఆ మాట విని నాకు భయమేసింది. ఎలా చెప్పగలరు సార్ అని అడుగుదామనుకున్నా. అత్తయ్య పెట్టిన కాఫీ తాగి బస్టాండుకి వచ్చేశాను. మళ్లీ చూసింది పోయిన నెల, పాడె మీద.

మొన్నటి బస్సు సంగతి చెప్తున్నా గదా. వాగవతల ఊరాయన మా ఊళ్లో చుట్టాలింటికి వస్తూ నా పక్కనే కూర్చున్నాడు. ఆయన అలవాటు ప్రకారం మనవళ్ల చదువులూ, కౌలు రేట్లూ చెప్పుకొస్తున్నాడు. బస్సు వాగులోకి దిగి కొత్త చప్టా ఎక్కింది. నేను కిటికీ పక్కన. కిందికి చూశాను. దిగువన నీళ్లు నీలంగా గుంట కట్టాయి. సిమెంటు అంచు కింద ఇసుక ఉండాల్సిన చోట చీకటి కనపడుతోంది, చెయ్యి దూరేంత. కాస్త అవతల ట్రాక్టరు నింపుతున్నారు.

"చూడండి," అన్నాను ఆయన మోచెయ్యి తట్టి. "చప్టా కింద ఇసుక పోతోంది. ఇట్టాగే ఉంటే ఇది కూడా..."

"ఒద్దండీ, అనమాకండి," అన్నాడాయన చప్పున నా చెయ్యి నొక్కి. "శుభమా అని పోతా ఉంటే ఆ మాటలెందుకు?"

వేలెత్తి నేను కిందికి చూపిస్తూనే ఉన్నా. ఆయన అటు తిరగలేదు. కాస్త ముందుకు వంగి నా నోటి వంక చూస్తున్నాడు.